శరదృతువులో నల్లమల యాత్ర - పైత్య రక్షణ

ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. వానలు వెనుకబట్టి దసరా సెలవులు రాగానే మా పాతబస్తీలోని శాలిబండ, గౌలీపురా వీధుల నుండి అనేక కుటుంబాలు శ్రీశైలానికి బయలుదేరుతాయి. కల్వకుర్తి, మన్ననూరు మీదుగా సుమారు 215 కిలోమీటర్ల ప్రయాణం. "కొండగాలి ఒంటికి చలువ" అని పెద్దలు అనడం నేను తరచు వింటుంటాను. ఈ మాటను కొంత పరిశీలించవలసి ఉన్నది.

కొండలలో వేడి ఎందుకు?

నల్లమల ఊటీ వంటి శీతల ప్రదేశం కాదు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉండగా, శ్రీశైల క్షేత్రం అంతకంటే దిగువనే ఉన్నది. మబ్బులు విడిపోయిన ఆకాశం, తీక్షణమైన ఎండ, కాగిన బండలు పగటి లక్షణాలు. రాత్రి మంచు కురుస్తుంది. వర్షాకాలపు చల్లదనానికి అలవాటుపడిన శరీరానికి ఒక్కసారిగా ఎండ సోకడంతో, సంచితమై ఉన్న పిత్తం ప్రకోపిస్తుందని అష్టాంగహృదయంలో వాగ్భటుడు వివరించాడు. నోరు చేదు, పుల్లని త్రేన్పులు, కళ్ళు, అరికాళ్ళ మంటలు దీని లక్షణాలు.

దారి భోజనం

మనవారు సాధారణంగా కట్టుకొనిపోయేవి పులిహోర, దద్దోజనం, ఆవకాయ. పులుపు, కారం, నూనె, పెరుగు - ఇవన్నీ ఈ ఋతువులో మితంగా ఉండవలసినవే. తీపి, చేదు, వగరు రుచులు హితం. పెసరపప్పు పులగం, పొట్లకాయ కూర, ఉసిరి శ్రేష్ఠం. పులగాన్ని మధ్యాహ్నం లోపలే తినాలి.

ధనియాల హిమం: 25 గ్రాముల ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, కాచి చల్లార్చిన 150 మిల్లీలీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం వడగట్టి, కొద్దిగా పటికబెల్లం కలిపి త్రాగాలి. మధుమేహం గలవారు పటికబెల్లం మానాలి.

శరత్కాలపు నిర్మల జలాన్ని శాస్త్రం హంసోదకమని ప్రశంసించింది. అయినా నేడు సెలయేటి నీటిని కాచకుండా త్రాగరాదు. మిట్టమధ్యాహ్నం పాతాళగంగ మెట్లు ఎక్కడం, పగటినిద్ర, మంచులో తిరగడం మానాలి. విరేచన చికిత్స వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి. ప్రయాణానికి ముందు సొంతంగా విరేచనకారి ఔషధాలు పుచ్చుకోరాదు.

జ్వరం వస్తే

పాఠకులు ముఖ్యంగా గమనించవలసినది ఇదే. యాత్ర నుండి తిరిగివచ్చిన తరువాత చలితో జ్వరం వస్తే "పైత్య జ్వరమే గదా" అని కషాయాలతో కాలం గడపరాదు. అడవి ప్రాంతాలలో మలేరియా దోమలు సాయంత్రం నుండి తెల్లవారేవరకు కుడతాయి; జ్వరం సాధారణంగా 7 నుండి 30 రోజుల లోపల బయటపడుతుంది. అప్పటికి యాత్ర సంగతి మరుపున పడుతుంది. కనుక జ్వరం వచ్చిననాడే రక్తపరీక్ష చేయించి, "నల్లమలకు వెళ్ళివచ్చాము" అని వైద్యునితో తప్పక చెప్పాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ పరీక్ష ఉచితం. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో ఒక్కపూట ఆలస్యం కూడా ప్రమాదకరం.

ఒంటినిండా బట్టలు, దోమతెర ముందుజాగ్రత్తలు. నోటి చేదుకు, కళ్ళమంటకు వంటింటి ధనియాలు చాలును; చలిజ్వరానికి వైద్యశాలే శరణ్యం. ఈ తేడా ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.