హ్యాండిల్ దెబ్బ తప్పించిన ఏర్పాట్లు

తొలినాటి కారు ఇంజన్‌ను ముందువైపు ఇనుప హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పేవారు. పిస్టన్ పైకి చేరకముందే మంట అంటుకుంటే ఇంజన్ వెనక్కి తన్నేది; మణికట్టు విరిగేది. అందుకే స్పార్క్‌ను ఆలస్యం చేసే లీవర్ పెట్టారు. వాలు పళ్ల కప్లింగ్ వల్ల ఇంజన్ అందుకోగానే హ్యాండిల్ విడిపోతుంది. ఇంజన్ వెనక్కి తన్నడాన్ని మాత్రం అది ఆపలేదు. ఆ తన్నుకూ విడిపోయే హ్యాండిళ్లు తర్వాత వచ్చాయి. బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచి, కిందికి నొక్కకుండా పైకి లాగడం డ్రైవర్ల మెలకువ.

హ్యాండిల్ అవసరం తగ్గించిన, ఇంజనీర్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్‌తో వచ్చింది. ఇక హైదరాబాద్ రాజ్యంలో నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. అప్పటికి సెల్ఫ్ స్టార్టర్ వాడుకలో ఉన్నా, బ్యాటరీ దిగితే ఆధారం హ్యాండిలే.

హ్యాండిల్‌తోనే తిప్పే, ఊళ్లలో బావుల మీది డీజిల్ ఇంజన్‌కైతే స్పార్కే ఉండదు. డీకంప్రెషన్ లీవర్ ఎత్తితే సిలిండర్‌లో ఒత్తిడి నిలవక చక్రం తేలిగ్గా తిరుగుతుంది. వేగం అందాక లీవర్ వదిలితే ఇంజన్ అందుకుంటుంది.