పొయ్యి వెలిగించని చాక్లెట్

అమ్మడూ,

దసరాకి వచ్చినప్పుడు పాలు, నెయ్యి, పంచదార లేకుండా, పొయ్యి వెలిగించకుండా ఇంటిల్లిపాదికీ చాక్లెట్ స్వీటు చేసిపెడతానన్నావు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మన తోటలో కోకో గింజలున్నాయి కదా, పచ్చివే ఒక కిలో పంపమన్నావు. పచ్చివి మాత్రం పంపను తల్లీ. వేయించి, పొట్టు తీసి, పలుకులు చేసి పంపుతాను. ఎందుకో ముందు చెప్తాను, ఆ తర్వాత స్వీటు సంగతి.

చిన్నప్పుడు తోటకి వస్తే కోకో కాయ పగలగొట్టించుకుని గింజల చుట్టూ ఉండే తెల్లగుజ్జు చప్పరించేదానివి. అందులో చాక్లెట్ రుచి ఉండదు. గింజ కొరికితే ఒట్టి చేదు, వగరు. చాక్లెట్ వాసనకి పునాది పడేది పులియబెట్టడంలో. గుజ్జుతో సహా గింజల్ని చెక్కపెట్టెల్లోనో బుట్టల్లోనో పోసి, అరిటాకులు పరిచి, పైన గోనెపట్టాలు కప్పి ఐదారు రోజులు ఉంచుతారు, మధ్యమధ్యలో తిరగేస్తారు. కుప్పలో చెయ్యి పెడితే వేడి స్పష్టంగా తెలుస్తుంది. 45 నుంచి 50 డిగ్రీల దాకా ఎక్కుతుంది. ఆ వేడికీ, అందులో పుట్టిన పులుపుకీ లోపలి మొలక చచ్చిపోతుంది, ఊదారంగు గింజ గోధుమరంగుకి తిరుగుతుంది. తర్వాత ఎండలో ఆరబెట్టి తేమని 7 శాతం దగ్గరకి దింపుతారు. నువ్వు ఆన్‌లైన్లో తెప్పించిన పచ్చి కోకో పొడి పొట్లం మీద 42 డిగ్రీల వేడి కూడా తగలలేదని రాసి ఉందన్నావు. సరిగ్గా పులిసిన గింజ అయితే ఆ మాట నిలబడటం కష్టం. పైగా గింజని నూరి, వెన్న పిండేసి పొడి చెయ్యాలంటే ఆ యంత్రంలోనూ వేడి పుడుతుంది. ఆ అంకెని చూసి ఎక్కువ డబ్బు పొయ్యకు.

డబ్బు కంటే నన్ను ఆపేది ఇంకోటి ఉంది. గింజలు ఆరేది ఆరుబయట. కోళ్ళు తిరుగుతాయి, పిట్టలు వాలతాయి, గాలికి దుమ్ము లేస్తుంది. రైతు ఎంత జాగ్రత్తపరుడైనా పైపొట్టుకి క్రిములు అంటుకోకుండా ఆపలేడు. ఫ్యాక్టరీలో గింజని 120, 130 డిగ్రీల్లో వేయించేది రుచి కోసమే కాదు, ఆ క్రిముల కోసం కూడా. 1973–74లో అమెరికాలో, కెనడాలో చాక్లెట్లు తిన్న ఎంతోమందికి, ముఖ్యంగా పిల్లలకి, సాల్మొనెల్లా జబ్బు వచ్చింది. ఆరా తీస్తూ పోతే అది ఫ్యాక్టరీకి వచ్చిన పచ్చి కోకో గింజల దగ్గర తేలింది. చాక్లెట్లో నీటి తడి ఉండదు కాబట్టి ఆ క్రిమి పెరగదు గానీ, కొవ్వు చాటున నెలల తరబడి చావకుండా ఉండగలదు. పండక్కి ఇంట్లో కడుపుతో ఉన్న మీ వదిన ఉంటుంది, ఎనభై దాటిన తాతయ్య ఉంటాడు. అందుకే గింజ ఒక్కదానికి మాత్రం నిప్పు చూపిస్తాను. మిగతావన్నీ నీ పద్ధతిలోనే చేద్దువుగాని.

వేయించడం నువ్వు నేర్చుకోదగ్గ పనే. అడుగు మందంగా ఉన్న మూకుట్లో, సన్నసెగ మీద, అరగంట సేపు చెయ్యి తియ్యకుండా కలపాలి. మొదట వెనిగర్ లాంటి పులిసిన ఘాటు కళ్ళకి తగులుతుంది. అది పోయాక గింజలు అక్కడొకటి ఇక్కడొకటి చిట్లుతాయి. అప్పుడు వాసన ఒక్కసారిగా తిరుగుతుంది, ఇల్లంతా చాక్లెట్ కమ్ముకుంటుంది. దించి చల్లార్చి, అరచేతుల మధ్య నలిపితే పొట్టు ఊడుతుంది. చేటలో పోసి చెరిగితే పొట్టు ఎగిరిపోయి నల్లటి పలుకులు మిగులుతాయి. మట్టీ మలినం ఎక్కువగా ఉండేది ఆ పొట్టులోనే, అందుకని ఒక్క రేక కూడా మిగలనివ్వను. ఈ పలుకులు స్వీటు పైన చల్లడానికి. లోపల కలపడానికి మామూలు కోకో పొడి కొనుక్కో. అట్ట వెనక చూడు. అసిడిటీ రెగ్యులేటర్ అని, పక్కన 500 గానీ 501 గానీ అంకె ఉంటే, ఆ పొడిని క్షారంతో శుద్ధి చేశారన్నమాట. రంగు నల్లగా నిగనిగలాడుతుంది, వగరు తగ్గుతుంది. దాంతోపాటు కోకోలో గుండెకి మంచివని చెప్పుకునే ఫ్లేవనాల్స్ కూడా చాలామటుకు పోతాయి. అంకె లేనిదే తీసుకో. కాస్త ఎర్రగా, పుల్లగా ఉంటుంది. ఖర్జూరం తీపి పక్కన ఆ పులుపే బాగుంటుంది.

నిప్పు లేని వంట కొత్తదనుకుంటున్నావేమో. శ్రీరామనవమి పానకం, వడపప్పు పొయ్యి ఎక్కుతాయా? నాగులచవితికి పుట్ట దగ్గర పెట్టే పచ్చి చలిమిడి, చిమ్మిలి ఎక్కుతాయా? మీ అమ్మమ్మ నువ్వుల్నీ బెల్లాన్నీ రోట్లో వేసి దంచుతుంటే కాసేపటికి నువ్వుల నూనె బయటికొచ్చి, ఒక్క చుక్క నీళ్ళు పొయ్యకుండానే ముద్దయ్యేది. నీ స్వీటుకి అడుగున పరిచే పొర కట్టుకునేదీ ఆ కిటుకుతోనే. బెల్లం బదులు ఖర్జూరం, రోలు బదులు మిక్సీ, అంతే తేడా. బెల్లం ఎందుకు కాదంటే, చెరకు రసాన్ని మరిగించందే బెల్లం కాదు కాబట్టి వేడి తగలకూడదన్న నీ నియమానికి సరిపడదు. విదేశీ వంటకాల్లో కనిపించే మేపుల్ సిరప్ కూడా చెట్టు రసాన్ని మరిగించి చేసిందే. తేనె నువ్వు మానేశావు. ఇక నిజంగా నిలిచేది ఖర్జూరమే.

ఇంకో సంగతి. పలాస నుంచి వచ్చినా వేటపాలెం నుంచి వచ్చినా, ఏ జీడిపప్పూ పూర్తి పచ్చిది కాదు. జీడిపిక్క పెంకులో చర్మాన్ని కాల్చేసే జీడి ఉంటుంది, అందుకని పిక్కల్ని ఆవిరికి పెట్టో వేయించో కొడతారు. ఇది తెలిసి కూడా నేను జీడిపప్పు వాడమనే చెప్తాను. పాలమీగడ లేని లోటుని అంత నున్నగా తీర్చేది ఇంకోటి లేదు.

ఇప్పుడు చేసే పద్ధతి. అడుగు పొరకి బాదంపప్పు 100 గ్రాములు, గింజ తీసిన మెత్తటి ఖర్జూరం 100 గ్రాములు, నువ్వులు రెండు చెంచాలు, చిటికెడు ఉప్పు. ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే నల్లటి కిమియా ఖర్జూరం అయితే నానబెట్టే పని లేదు. ఎండు ఖర్జూరం వద్దు, నానినా పీచు వదలదు. ప్రతి ఖర్జూరాన్నీ విప్పి లోపల చూడాలి. పురుగుగానీ నల్లటి పొడిగానీ ఉంటే పారెయ్. బాదం, నువ్వులు పొడిగానే మిక్సీలో వేసి ఆపి ఆపి తిప్పు. రవ్వలా అయ్యాక ఖర్జూరం వేసి మళ్ళీ ఆపి ఆపి తిప్పు. ఏకధాటిగా తిప్పితే జారు వేడెక్కి నూనె ఊరిపోతుంది, పొర జిడ్డవుతుంది. పిడికిట్లోకి తీసుకుని నొక్కితే విడిపోకుండా నిలవాలి. వెడల్పాటి స్టీలు డబ్బాలో బటర్ పేపర్ పరిచి, ఈ పిండిని గట్టిగా అదిమి ఫ్రిజ్‌లో పెట్టు.

పైపొరకి జీడిపప్పు 150 గ్రాములు, లేత కొబ్బరి 150 గ్రాములు, ఖర్జూరం 120 గ్రాములు, కోకో పొడి 40 గ్రాములు, గానుగ కొబ్బరినూనె 60 గ్రాములు, కొద్దిగా ఉప్పు. కొబ్బరిబొండాల వాడిని మరీ మీగడలా జారిపోయేది కాకుండా, చెంచాతో గీస్తే ముక్కగా ఊడే కొబ్బరి ఇమ్మని అడుగు. అది ఆ రోజుదే కావాలి, మర్నాటికి ఉంచకూడదు. జీడిపప్పుని నాలుగు గంటలు తాగే నీళ్ళలో, ఫ్రిజ్‌లోనే నానబెట్టు. బయట ఉక్కకి నీళ్ళు పులుస్తాయి. ఆ నీళ్ళు వంపేసి మళ్ళీ కడుగు. ముందు జీడిపప్పు, కొబ్బరి, ఖర్జూరం కలిపి వేలితో రాస్తే పలుకు తగలనంత మెత్తగా రుబ్బు. తిరగకపోతే బొండం నీళ్ళు ఒక్కో చెంచా పొయ్యి, గబుక్కున పొయ్యకు. తర్వాత జల్లించిన కోకో పొడి, ఉప్పు వేసి, నూనెని చివర్లో సన్నని ధారగా పోస్తూ తిప్పు. యాలకులు వెయ్యాలని చెయ్యి లాగుతుంది, వెయ్యకు. యాలకుల ముందు కోకో వాసన ఓడిపోతుంది. అడుగు పొర మీద పరిచి, పలుకులు చల్లి, ఆరు గంటలు ఫ్రిజ్‌లో వదిలెయ్.

నూనె గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ స్వీటు నిలవడమూ నీరుకారడమూ దాని చేతిలోనే ఉంది. కొబ్బరినూనె 24, 25 డిగ్రీలకే కరిగిపోతుంది. బెంగళూరులో నీ వంటగదిలో తెల్లగా పేరుకునే నూనె, దసరా రోజుల్లో మన ఇంట్లో నీళ్ళలా ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి పళ్ళెంలో పెట్టి, అందరూ పూజ ముగించుకుని వచ్చేదాకా ఉంచితే ముక్క కూలిపోతుంది. కోకో బటర్ దొరికితే నూనెలో సగం తగ్గించి, 30 గ్రాముల నూనెకి 30 గ్రాముల కోకో బటర్ కలుపు. అది 34 డిగ్రీల దగ్గర గానీ కరగదు, అందుకే చాక్లెట్ చేతిలో నిలిచి నోట్లో కరుగుతుంది. చెయ్యి పెట్టగలిగినంత గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగిస్తే చాలు, పొయ్యి మీద పెట్టక్కర్లేదు. ముక్కలు కొయ్యడానికి చాకుని వేణ్ణీళ్ళలో ముంచి, తుడిచి, ఒక్కో గీతా కొయ్యి.

మామూలు వంటలో చెయ్యి శుభ్రంగా లేకపోయినా, ఉడుకు చాలామటుకు కాపాడుతుంది. ఇందులో ఆ కాపుదల లేదు, నీ చేతులే దిక్కు. మిక్సీ జారు అడుగున బ్లేడు కింద నిన్నటి అల్లం పచ్చడి మిగిలి ఉంటుంది, విప్పి కడిగి ఆరబెట్టు. బొండం కొట్టేవాడి కత్తి ఎక్కడెక్కడ తిరిగిందో తెలియదు కాబట్టి, గీసిన కొబ్బరిని ఓసారి కడుగు. చేసిన స్వీటు ఫ్రిజ్‌లో మూడు రోజులు దాటనివ్వకు. ఫ్రీజర్లో అయితే నెల ఉంటుంది. కరెంటు గంటల తరబడి పోయిన రోజున ఆశపడకుండా పారెయ్. వచ్చినవాళ్ళకి వడ్డించేముందు జీడిపప్పు, బాదం, నువ్వులు పడతాయా అని ఒక్కొక్కరినీ అడుగు. ఒంటికి పడనివాళ్ళకి ఇది స్వీటు కాదు, ప్రమాదం.

ఆరోగ్యకరమైనదని చెప్పి పెడతానన్నావు. ఆ మాట నిజం కావాలంటే ముక్క చిన్నదవ్వాలి. లెక్క కట్టి చూశాను. డబ్బా మొత్తానికీ దగ్గర దగ్గర 3,000 క్యాలరీలు. 16 ముక్కలు చేస్తే ఒక్కోదాంట్లో 180 పైన, అంటే రెండు ఇడ్లీల కంటే ఎక్కువే. పంచదార వెయ్యలేదు నిజమే, కానీ ఖర్జూరంలో మూడింట రెండొంతులు చక్కెరే. ఒక్కో ముక్కకి రెండు చెంచాల పంచదార అంత పడుతుంది. దాంతోపాటు పీచు ఉంది, పప్పుల కొవ్వు, మాంసకృత్తులు ఉన్నాయి కాబట్టి జిలేబీ కంటే వెయ్యి రెట్లు నయం. కానీ మీ నాన్నకి షుగరు ఉంది. పంచదార లేదు నాన్నా అని చెప్పి రెండు ముక్కలు పెట్టావో, మీటరులో కనబడుతుంది. ఆయనకి సగం ముక్క, అదీ భోజనంలో అన్నం తగ్గించిన రోజున. కొబ్బరినూనె కూడా అంతే, అందులో అత్యధిక భాగం సంతృప్త కొవ్వు. ఫోన్లో ఎవరో అమృతమని చెప్పారని చెంచాలకి చెంచాలు పెంచకు.

నీ ఒంటి సంగతి కూడా ఒక మాట. పాలు, పెరుగు మానేసి ఏడాది దాటింది. చెట్టు నుంచి వచ్చే తిండిలో బి12 నమ్ముకోదగ్గంతగా ఉండదు, పచ్చిగా తిన్నా ఉడికించి తిన్నా అంతే. ఈ పాటికి రక్త పరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పిన బి12 మాత్ర మొదలుపెట్టి ఉండాల్సింది. ఇంకా చేయించుకోకపోతే ఈ నెల జీతం రాగానే ముందు ఆ పని చెయ్యి. ఐరన్ మాత్ర వేసుకుంటున్నావు కదా, దానికీ కోకోకీ రెండు గంటల ఎడం ఉంచు. కోకోలోని వగరు ఐరన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు.

పలుకుల డబ్బా మూత తియ్యగానే మన టామీగాడు వాసనకి వచ్చేస్తాడు. జాలిపడి ఒక్క పలుకు కూడా వెయ్యకు. కోకోలో ఉండే థియోబ్రోమిన్ కుక్కలకి విషం. వాడికి లేత కొబ్బరి చిన్న ముక్క పెట్టు, చాలు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ