ఇటుక గోడ పక్కన ఏ రంగు?



గోడలు లేచి, స్లాబు పడి, తలుపులు బిగించేసరికి చేతిలో డబ్బులు అయిపోతాయి. మన కాలనీల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. 2006లో ఇందిరమ్మ పథకం మొదలయ్యాక కట్టుకున్న ఇళ్లలో ఎన్నో ఏళ్ల తరబడి సిమెంటు పూత లేకుండా ఇటుక గోడలతోనే నిలబడ్డాయి. చుట్టాలు వస్తే "ఇంకా ప్లాస్టింగ్ చేయించలేదా?" అన్నదే మొదటి ప్రశ్న. అందువల్ల ఇటుక కనబడితే పేదరికం కనబడినట్టేనని మనకు చిన్నప్పుడే మనసులో పడిపోయింది.

మన హాస్టల్ ముందు గోడ కూడా ఇటుకదే. ఈ వార్షికోత్సవానికి పాత విద్యార్థులం తలా కొంత వేసుకుని రంగులు వేయిద్దామని కూర్చున్నప్పుడు, ఆ ఇటుక మీద కూడా రంగు కొట్టించేయాలని కొందరు, వద్దని కొందరు అన్నారు. మేము వద్దన్నవాళ్లం. సెలవుల్లో సున్నాలు వేసే పనికి వెళ్లి ఫీజులు కట్టుకున్నవాళ్లు, డిప్లొమాలో సివిల్ చదివినవాళ్లు, అమ్మానాన్నలతో ఇటుక బట్టీల దగ్గర పెరిగినవాళ్లు మాలో ఉన్నారు. మా మాట ఎందుకు వినాలో చెప్పడానికి ఈ నాలుగు పేజీలు అడిగి తీసుకున్నాం. మన హాస్టల్ సంగతి ఎలా ఉన్నా, రేపు మీరు ఇల్లు కట్టుకునేటప్పుడు ఈ పాఠం పనికొస్తుంది.

ముందు ఇటుకను చూడాలి

ఇటుక రంగు ఏదని అడిగితే అందరూ ఎరుపు అంటారు. దగ్గరికి వెళ్లి చూడండి. ఒకటి నారింజ వైపు, ఒకటి గులాబీ వైపు, ఒకటి వంకాయ వైపు ఉంటుంది. కొన్నిటి మూలలు నల్లగా మాడి ఉంటాయి. దీనికి కారణం మట్టిలో ఉన్న ఇనుము. బట్టీలో సుమారు 900 నుంచి 1000 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో, గాలి బాగా ఆడినప్పుడు, ఆ ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఎర్రని ఐరన్ ఆక్సైడ్ అవుతుంది. తుప్పుకు, ఎర్రమట్టికి, మన అమ్మలు గడపలకు పూసే జాజుకు రంగునిచ్చేది ఈ ఇనుమే. గాలి అందని చోట కాలిన ఇటుక నల్లబడుతుంది. వేడి చాలక అరకొరగా కాలింది పాలిపోయిన నారింజ రంగులో ఉంటుంది, గోటితో గీస్తే గీత పడుతుంది. మట్టిలో సున్నం పాలు ఎక్కువైతే ఎరుపు తగ్గి పసుపు వైపు తిరుగుతుంది. కాబట్టి ఒక ఊరి ఇటుకకు నప్పిన రంగు ఇంకో ఊరి ఇటుకకు నప్పుతుందని చెప్పలేం. పక్కింటివాళ్ల డబ్బా నంబరు రాసుకొచ్చి కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చూడవలసిన పద్ధతి ఇది. గోడకు ఇరవై ముప్పై అడుగుల దూరంలో నిలబడండి. పొద్దున, మిట్టమధ్యాహ్నం, మబ్బు పట్టినప్పుడు ఒక్కోసారి చూడండి. వాన పడ్డాక తడి గోడను కూడా చూడండి, అప్పుడు రంగు బాగా ముదురుతుంది. తర్వాత దగ్గరికి వచ్చి మూడు రంగులు కాగితం మీద రాసుకోండి. ఎక్కువ ఇటుకల రంగు ఒకటి, మాడిన మచ్చల రంగు రెండోది, ఇటుకల మధ్య సందుల్లో ఉన్న సిమెంటు రంగు మూడోది.

మూడోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒక చిన్న లెక్క చేద్దాం. ప్రామాణిక ఇటుక ముఖం 190 మిల్లీమీటర్ల పొడవు, 90 మిల్లీమీటర్ల ఎత్తు. సందు 10 మిల్లీమీటర్లు. అంటే గోడలో ఒక్కో ఇటుకకు సందుతో కలిపి 200 ఇంటూ 100, అనగా 20,000 చదరపు మిల్లీమీటర్ల చోటు. అందులో ఇటుక 17,100. మిగిలిన 2,900 సిమెంటు. గోడలో దాదాపు ఏడో వంతు సందుల రంగే! మన నాటు ఇటుకకు సందులు ఇంకా లావుగా ఉంటాయి కాబట్టి ఆ వంతు ఇంకా పెరుగుతుంది. కిటికీ చట్రాలకు, సన్‌షేడ్లకు ఏ రంగు వేయాలో తోచనప్పుడు సందుల రంగునే, కాస్త తేల్చిన బూడిద రంగునే, వేస్తే తప్పు జరగదు. అది గోడలో ముందే ఉంది కనుక పరాయిగా కనిపించదు.

పక్క రంగు చేసే పని

ఫ్రాన్సులో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. పారిస్‌లో గోబ్లాఁ అనే పేరుపొందిన నేత కార్ఖానాలో అద్దకాల విభాగానికి అధికారి. అక్కడ నల్ల దారం సరిగా నల్లగా కనిపించడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. అతను పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. ఆ దారం పక్కన నేసిన రంగులే దాన్ని వెలవెలబోయేలా చేస్తున్నాయి. ఈ సంగతి మీద 1839లో పెద్ద పుస్తకం రాశాడు. ఒక రంగు తన పక్కనున్న రంగును తనకు ఎదురు రంగు వైపు నెడుతుందని అందులోని సారాంశం. (ఆయన 102 ఏళ్లు బతికాడు. రంగుల మధ్య పనిచేస్తే ఆయుష్షు పెరుగుతుందని మాలోని పెయింటర్ మిత్రుడు అంటాడు గానీ, టర్పెంటైన్ వాసన పీల్చే మాకు నమ్మకం కుదరలేదు.)

దీన్ని మీరే చూడవచ్చు. ఒకే బూడిద రంగు కాగితం నుంచి రెండు ముక్కలు కత్తిరించండి. ఒకటి ఎర్రగుడ్డ మీద, ఒకటి పచ్చగుడ్డ మీద పెట్టండి. ఎరుపు మీది ముక్క కొంచెం ఆకుపచ్చగా, పచ్చ మీది ముక్క కొంచెం ఎర్రగా కనిపిస్తాయి. కాగితం ఒక్కటే, మోసపోయేది మన కళ్లు.

పెయింటర్ల రంగుల చక్రంలో ఎరుపుకు ఎదురుగా ఆకుపచ్చ, నారింజకు ఎదురుగా నీలం ఉంటాయి. మన ఇటుక ఎరుపుకు నారింజకు మధ్యన ఉంది. దానికి ఎదురు ఆకుపచ్చకు నీలానికి మధ్యన, అంటే నెమలి మెడ రంగు అన్నమాట. ఆ రంగు పక్కన పెడితే ఇటుక మండుతున్నట్టు కనిపిస్తుంది. గోడంతా అదే రంగు వేస్తే రెండూ కొట్టుకుంటాయి. చిన్న చోట, తలుపుకో గేటుకో, వేస్తే రెండూ నిలబడతాయి. ఇక ఇటుక పక్కన మెరూన్, టమాటా ఎరుపు లాంటివి మాత్రం వేయకండి. ఎరుపు పక్కన ఇంకో ఎరుపు పెడితే రెండింటిలో ఒకటి మురికిగా కనిపిస్తుంది. మురికిగా కనిపించేది ఎప్పుడూ ఇటుకే.

తెల్లనివన్నీ ఒకటి కావు

ఎరుపు తెలుపు కలయిక మనకు కొత్త కాదు. జాజు పూసిన అరుగు మీద ముగ్గు వేసే ప్రతి అవ్వకూ తెలిసిందే. 1873 నాటి మద్రాసు సెంట్రల్ స్టేషన్‌ను చూసినవాళ్లకు ఆ ఎరుపు గోడలూ తెల్ల అంచులూ గుర్తుండే ఉంటాయి. అయితే ఏ తెలుపు అన్నది చూసుకోవాలి.

సున్నం కలిపేటప్పుడు మనవాళ్లు అందులో కాస్త నీలిమందు వేస్తారు. పసుపు ఛాయ విరిగి గోడ తళతళలాడుతుందని. నిజమే, ఊరంతా తెల్లగోడలే ఉన్నప్పుడు అది అందం. కాని ఇటుక పక్కన ఆ నీలపు తెలుపు చలిగా, కటువుగా కనిపిస్తుంది. ఇటుకే పక్క తెలుపును నీలం పచ్చల వైపు నెడుతోంది కదా, మనం ఇంకొంచెం నీలిమందు కూడా వేస్తే ఎండలో కళ్లు చెదురుతాయి. దానికి బదులు బకెట్టు సున్నంలో గుప్పెడు పసుపుమట్టి కలిపి చూడండి, మీగడ రంగు వస్తుంది. పట్టు కోసం తుమ్మ జిగురు మామూలే. డబ్బా రంగు కొనేవాళ్లు బాగా తెల్లనిది కాకుండా మీగడ, దంతం, గోధుమ పిండి ఛాయల్లోవి అడగాలి. షేడు పుస్తకాల్లో కొన్నిటిలో ప్రతి రంగుకూ వెలుతురును ఎంత తిప్పికొడుతుందో 0 నుంచి 100 వరకు ఒక అంకె ఇస్తారు. 100 దగ్గర ఉంటే తెలుపు, సున్నా దగ్గర నలుపు. మన ఎండలకు పెద్ద గోడలకు ఎక్కువ అంకె ఉన్న రంగు వేస్తే లోపల వేడి కొంత తగ్గుతుంది. మాడ్చే ముదురు రంగులను తలుపులకే ఉంచుకోవాలి.

బూడిద ఇటుక సంగతి కూడా ఒక మాట. థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదతో చేసినవి ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నారు. వాటికి సొంత రంగు తక్కువ. తెలుపు పక్కన వెలవెలబోతాయి గనుక పసుపుమట్టి రంగు, తుప్పు రంగు లాంటి వెచ్చనివి వేస్తే సరిపోతుంది.

నీలం తలుపు

మన కాలనీల్లో నీలం ఎందుకు ఇష్టమో ఇక్కడ చెప్పనవసరం లేదు. ఏప్రిల్ 14న ఊరూరా కోటు రంగు కొత్తగా వేస్తారు, జెండాలూ అదే రంగు. "ఇటుక గోడకు నీలం తలుపు మోటుగా ఉంటుంది" అని ఒక పెద్దమనిషి మాలో ఒకరితో అన్నాడు. చక్రం తీసి చూపిస్తే ఏమంటాడో! నారింజ ఎరుపుకు నీలం దాదాపు ఎదురుగానే ఉంది, శాస్త్రం ప్రకారం కూడా ఇది నప్పే జోడీయే. మోటుగా కనిపించేది నీలం వల్ల కాదు, మెరిసిపోయే లేత నీలాన్ని తలుపుకు, కిటికీలకు, పిట్టగోడకు, గేటుకు అన్నిటికీ పూయడం వల్ల. ముదురు నీలం తీసుకుని ఒక్క తలుపుకు వేయండి. కిటికీలు బూడిద రంగు, పిట్టగోడ మీగడ రంగు. అప్పుడు వీధి చివర నుంచి చూసినా తలుపు కనిపిస్తుంది.

ఇటుక మీదే రంగు వేస్తే?

ఇది అసలు గొడవ. మంచి ఇటుకను 24 గంటలు నీళ్లలో ఉంచితే తన బరువులో 20 శాతం దాకా నీరు పీల్చవచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. అంటే మూడు కిలోల ఇటుక 600 గ్రాముల నీరు తాగగలదు. వానకు తాగిన నీటిని ఎండకు వదిలేస్తుంది. పైన ప్లాస్టిక్ పొరలాంటి రంగు వేస్తే పునాది నుంచి, పగుళ్ల నుంచి ఎక్కిన తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. తడితోపాటు వచ్చిన ఉప్పు పొర వెనక పేరుకుని రంగును తోసేస్తుంది. రెండు మూడు వానాకాలాలకు పెచ్చులు లేస్తాయి. ఇక ప్రతి మూడు నాలుగేళ్లకూ చందాలే. పోనీ గీకేద్దామంటే ఇటుక పైపొర కూడా ఊడి వస్తుంది. పూత లేని గోడకు ఎప్పుడైనా పూత పూయవచ్చు, పూసినదాన్ని తీసి పాత ఇటుకను తెచ్చుకోలేం. తప్పదనుకుంటే సున్నం వేయండి, అది గాలి ఆడనిస్తుంది.

కొందరు ఇటుక మీద ఎర్ర రంగు పూసి, సందుల్లో తెల్ల గీతలు గీయిస్తారు. ఇటుకను దాచి, మళ్లీ ఇటుక బొమ్మ వేయించడం!

అహ్మదాబాద్ ఐఐఎంను లూయీ కాన్ పూత లేని ఇటుకతో కట్టించాడు. అక్కడ ఇటుకకు తోడు కాంక్రీటు బూడిద రంగు ఒక్కటే. తిరువనంతపురంలో లారీ బేకర్ కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ కూడా అంతే. సిమెంటు పూత దండగ ఖర్చని బేకర్ పేదల ఇళ్లకూ పెద్ద సంస్థలకూ ఒకే మాట చెప్పాడు. ఆయనకు 1990లో పద్మశ్రీ ఇచ్చారు. అలాంటి చోట్ల గొప్పగా చూసే ఇటుక మన దగ్గర మాత్రం పేదరికం ఎందుకవుతుంది? దాన్ని అచ్చులో పోసి, ఎండబెట్టి, నెత్తిన మోసి బట్టీలో పేర్చినవాళ్ల పిల్లలం మనలో ఎందరమో ఉన్నాం.

పని మొదలుపెట్టే ముందు

ఇటుక మీద తెల్లగా ఉప్పు పేరుకుంటే నీళ్లతో కడగకండి, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, తడి ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి. పాత తలుపుల ఎనామిల్‌ను పొడిగా గీకకండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన వాటిలో, ముఖ్యంగా ముదురు పసుపు, ఎరుపు రంగుల్లో, సీసం ఎక్కువగా ఉండవచ్చు. ఆ దుమ్ము చిన్నపిల్లలకు చాలా చెడ్డది. తడిపి రుద్దాలి, ఆ చెత్తను దూరంగా పోయాలి, అప్పుడు చిన్న తరగతుల వాళ్లను దగ్గరికి రానీయకూడదు.

మన హాస్టల్‌కు మేము అడుగుతున్నది ఇది: ముందు గోడ ఇటుకను అలాగే ఉంచి, రాలిన సందులు మాత్రం పూడ్పించాలి. పక్క గోడలకు మీగడ రంగు, కిటికీలకు సిమెంటు బూడిద, పెద్ద తలుపుకు ముదురు నీలం. షేడు పుస్తకంలో అగ్గిపెట్టెంత ముక్క చూసి తేల్చుకోలేం కనుక రెండడుగుల అట్టలు మూడింటికి వేర్వేరు మీగడ రంగులు రెండేసి పూతలు వేసి, వార్షికోత్సవం నాటికి వరండా ముందు ఇటుక గోడకు ఆనించి పెడతాం. వచ్చినవాళ్లు పొద్దున ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి చూసి, ఏది బాగుందో వార్డెన్ గారి గదిలో ఉన్న పుస్తకంలో రాయండి. ఇటుక మీద రంగు వేయాల్సిందే అనేవాళ్లు కూడా అందులోనే రాయవచ్చు, కారణంతో సహా.