భూగర్భ సంపద – తరతరాల అమానతు

ఒక పేద దేశంలో చమురు పడిందనో, వజ్రాలు బయటపడ్డాయనో వార్త వస్తే, ఇక అక్కడి ప్రజల దరిద్రం తీరిపోయినట్లేనని మనమంతా అనుకుంటాం. కాని వాస్తవం ఇందుకు భిన్నంగా ఉంది. నైజీరియాలోని ఒలోయిబిరి గ్రామంలో 1956లో చమురు కనుగొన్నారు. 1958 నుంచి ఎగుమతి మొదలయింది. అప్పటినుంచి ఆ దేశ ఖజానాకు అపారమైన ధనం వచ్చిపడింది. అయినా చమురు దొరికిన నైగర్ డెల్టా ప్రాంతంలోనే వాగుల నిండా చమురు తెట్టు కట్టి, చేపలు చచ్చి, పొలాలు పాడై జనం బ్రతుకుతెరువు కోల్పోయారు. సంపద ఉండటం వేరు, దాన్ని సవ్యంగా నిర్వహించుకోవటం వేరు. ఈ తేడాను అర్థం చేసుకోవటమే ఈ పాఠం ఉద్దేశం.

భూమి లోపలి సంపద ఎవరిది?

ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. హదీసు గ్రంథాలలో ఒక సంఘటన ఉంది. హజ్రత్ అబ్‌యజ్ బిన్ హమ్మాల్ (రజి) అనే సహాబీ యమన్ ప్రాంతంలోని మారిబ్ ఉప్పు క్షేత్రాన్ని తనకు ఇవ్వవలసిందిగా దైవప్రవక్త (స)ను కోరారు. ఆయన (స) ఇచ్చేశారు. అప్పుడు అక్కడున్న ఒక వ్యక్తి, అది ఎన్నటికీ ఎండని ఊట లాంటిదని, శ్రమ లేకుండానే చేతికందే సంపద అని తెలియజేశారు. విషయం తెలిసిన వెంటనే దైవప్రవక్త (స) ఆ క్షేత్రాన్ని తిరిగి తీసుకున్నారు.

ఇందులో మనకు రెండు విషయాలు బోధపడుతున్నాయి. ఒకటి, మనిషి తన శ్రమతో సృష్టించని, జనులందరికీ అవసరమైన సంపదను ఒక్కరి చేతిలో పెట్టకూడదు. రెండు, ఒక ఒప్పందం ప్రజలకు నష్టదాయకమని తెలిసినప్పుడు దాన్ని సరిదిద్దడం పాలకుని బాధ్యత. గనుల ఒప్పందాలపై సంతకాలు చేసే నేటి ప్రభుత్వాలన్నీ గుర్తుంచుకోదగిన విషయాలివి.

వరం శాపంగా ఎలా మారుతుంది?

ఇది ఏదో దురదృష్టం వల్ల జరిగేది కాదు. దానికి స్పష్టమైన కారణాలున్నాయి.

మొదటిది, మిగతా వృత్తులు దెబ్బతినటం. చమురు అమ్మిన డాలర్లు దేశంలోకి వెల్లువలా వస్తే ఆ దేశ కరెన్సీ విలువ పెరుగుతుంది. అప్పుడు దిగుమతి సరుకు చౌకవుతుంది. స్వదేశీ రైతు పండించినది, కార్మికుడు తయారుచేసినది విదేశాలలో ఖరీదై అమ్ముడుపోదు. నెదర్లాండ్స్‌లో 1959లో గ్రోనింగెన్ వద్ద గ్యాస్ దొరికిన తర్వాత అక్కడి పరిశ్రమలకు ఇలాగే జరిగింది. అందుకే ఆర్థికవేత్తలు దీన్ని 'డచ్చి జబ్బు' అంటారు. ఒకప్పుడు వేరుశనగ, పామాయిల్ ఎగుమతులకు పేరుపొందిన నైజీరియా ఆ వ్యవసాయాన్ని చాలావరకు పోగొట్టుకుంది.

రెండవది, ధరల ఆటుపోట్లు. చమురు ధర 2014 మధ్యలో పీపా 100 డాలర్లకు పైగా ఉండి, 2016 ఆరంభానికి 30 డాలర్ల దాకా పడిపోయింది. ధర ఎక్కువున్నప్పుడు ఖర్చులు పెంచి, పైగా అప్పులు కూడా చేసిన దేశాలు ధర పడిపోగానే జీతాలివ్వలేని స్థితికి చేరుకున్నాయి.

మూడవది, జవాబుదారీతనం లోపించటం. పన్నులు కట్టే ప్రజలు లెక్క అడుగుతారు. కాని డబ్బు పన్నుల ద్వారా కాక నేరుగా చమురు కంపెనీల నుంచి వస్తుంటే పాలకునికి ప్రజల అవసరమే తగ్గిపోతుంది. అక్కడినుంచే లంచగొండితనం, కుర్చీ కోసం కొట్లాటలు, అంతర్యుద్ధాలు పుట్టుకొస్తాయి.

చాద్ నేర్పే గుణపాఠం

ఆఫ్రికా ఖండం నడిమధ్యన, సముద్రతీరం లేని ముస్లిం అధిక సంఖ్యాక దేశం చాద్. దాని దక్షిణాన దోబా ప్రాంతంలో చమురు ఉంది. దాన్ని కామెరూన్ తీరానికి చేర్చాలంటే వెయ్యి కిలోమీటర్లకు పైగా పైపులైను వేయాలి. ప్రపంచ బ్యాంకు 2000లో అందుకు సహాయం మంజూరు చేసింది. అయితే ఒక షరతు పెట్టింది. చమురు డబ్బు పేదల కోసమే ఖర్చు కావాలి.

ఆ మేరకు చాద్ 1999లోనే ఒక చట్టం చేసింది. రాయల్టీలు, లాభాంశాలలో 10 శాతం భావితరాల నిధికి చేరాలి. మిగిలిన దానిలో 80 శాతం విద్య, వైద్యం, గ్రామీణాభివృద్ధి వంటి ముఖ్య రంగాలకు, 5 శాతం దోబా ప్రాంతానికి పోవాలి. ఖర్చును పర్యవేక్షించడానికి ప్రభుత్వేతర సభ్యులతో కూడిన సంఘం కూడా ఏర్పడింది. కాగితం మీద ఇంతకంటే మంచి చట్టం దొరకటం కష్టం.

2003లో చమురు ఎగుమతి మొదలయింది. రెండేళ్ళు గడిచాయో లేదో, తిరుగుబాటుదారులతో పోరాటం పేరిట ప్రభుత్వం ఆ చట్టాన్ని మార్చేసింది. భావితరాల నిధిని రద్దు చేసింది. 'ముఖ్య రంగాల' జాబితాలో భద్రతను కూడా చేర్చింది. 2006 జనవరిలో ప్రపంచ బ్యాంకు రుణాలు నిలిపివేసింది. 2008లో చాద్ ఆ అప్పును ముందే తీర్చేసి షరతుల నుంచి బయటపడింది. ఆ తర్వాత, ఇంకా భూమిలోనే ఉన్న చమురును చూపించి ఒక వ్యాపార సంస్థ దగ్గర భారీగా అప్పు తెచ్చుకుంది. 2014లో ధర పడిపోగానే ఆ అప్పు దేశం మెడకు ఉరితాడయింది. నేటికీ మానవాభివృద్ధి సూచీలో చాద్ అట్టడుగు దేశాల సరసనే ఉంది.

లోపం చట్టంలో లేదు. చట్టాన్ని కాపాడే ప్రజలు, న్యాయస్థానాలు, పత్రికలు బలంగా లేవు. బయటివారు విధించిన క్రమశిక్షణ బయటివారితోనే పోయింది.

బోట్స్వానా చూపిన దారి

అదే ఖండంలోని మరొక దేశాన్ని చూద్దాం. 1966లో స్వాతంత్య్రం పొందేనాటికి బోట్స్వానా ప్రపంచంలోని నిరుపేద దేశాలలో ఒకటి. 1967లో ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి. ఆ ప్రాంతం తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా సొంత తెగకు చెందినది. అయినా ఆయన ప్రభుత్వం అదే ఏడాది చట్టం చేసి, ఖనిజాల హక్కును తెగల నుంచి యావత్తు దేశానికి బదలాయించింది. తన వారికి దక్కవలసిన దాన్ని అందరికీ పంచిన ఈ నిర్ణయమే తెగల మధ్య కొట్లాటలు రాకుండా ఆపింది.

వజ్రాల కంపెనీలో ప్రభుత్వ వాటా మొదట 15 శాతమే. గని ఎంత విలువైనదో తెలిశాక మళ్ళీ బేరమాడి 1975 నాటికి దాన్ని 50 శాతానికి పెంచుకుంది. గనుల రాబడిని రోజువారీ ఖర్చులకు కాకుండా బడులు, ఆసుపత్రులు, రోడ్లు, నీటి పథకాలకు వెచ్చించాలన్న సూత్రం పెట్టుకుంది. మిగులును దాచేందుకు 1994లో పులా నిధిని నెలకొల్పింది. వారి భాషలో 'పులా' అంటే వర్షం.

అలాగని అక్కడ అంతా బాగుందని మేము అనటం లేదు. ధనిక పేద అంతరం, నిరుద్యోగం అక్కడ తీవ్రంగానే ఉన్నాయి. ఒక్క వజ్రం మీదే ఆధారపడటం వల్ల, ప్రయోగశాలల్లో తయారయ్యే వజ్రాలు మార్కెట్‌ను ముంచెత్తాక 2024లో ఆ దేశ ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. సంపదను కాపాడుకోవటం సగం పని మాత్రమే. అది తరిగిపోయే లోగా ఇతర జీవనోపాధులను నిర్మించుకోవటం మిగతా సగం.

ఏడేళ్ళ పంట – ఏడేళ్ళ కరువు

ఈ సందర్భంగా హజ్రత్ యూసుఫ్ (అలైహి) గాథను జ్ఞాపకం చేసుకుందాం. ఏడేళ్ళు సమృద్ధిగా పండుతుందని, ఆపై ఏడేళ్ళు కరువు వస్తుందని ఆయన చెప్పారు. తినడానికి కావలసినంత తీసుకుని మిగతాది వెన్నులోనే ఉంచి దాచమన్నారు. ఖజానా బాధ్యత అడిగినప్పుడు ఆయన తన వంశాన్ని చెప్పుకోలేదు. తాను కాపాడగలవాడినని, తెలిసినవాడినని రెండే అర్హతలు చెప్పారు. నిజాయితీ, పరిజ్ఞానం అన్న ఈ రెండూ కలిస్తేనే నిధి నిలుస్తుంది.

కువైట్ ఈ పద్ధతినే ఆచరించింది. 1953లోనే, అంటే స్వాతంత్య్రానికి ఎనిమిదేళ్ళ ముందే, చమురు మిగులును మదుపు చేయటం మొదలుపెట్టింది. 1976లో భావితరాల నిధిని ఏర్పాటు చేసింది. 1990లో ఇరాక్ ఆక్రమణ జరిగినప్పుడు ఆ దేశాన్ని ఆదుకున్నది ఆ పొదుపే. దీనికి విరుద్ధం పసిఫిక్ సముద్రంలోని చిన్న ద్వీపం నౌరూ. ఫాస్ఫేట్ అమ్మి 1970లలో ప్రపంచంలోని సంపన్న దేశాల సరసన నిలిచింది. పెట్టుబడుల్లో దుబారా చేసి, లండన్‌లో ఒక సంగీత నాటకానికి కూడా డబ్బు పోసి, చివరికి 2004లో మెల్‌బోర్న్‌లోని తన భవనాన్ని అప్పులవాళ్ళ కోసం అమ్ముకుంది. ద్వీపం నడుమ మిగిలింది తవ్విన రాళ్ళే.

మరి పేద దేశం ఎంత దాచాలి, ఎంత ఖర్చు చేయాలి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. నేడు వైద్యం అందక పసిబిడ్డ చనిపోతుంటే డబ్బంతా విదేశీ బ్యాంకుల్లో దాచటం న్యాయం కాదు. నేడే అంతా తినేస్తే రేపటి బిడ్డకు అన్యాయం. ఇరాక్‌లోని సారవంతమైన సవాద్ భూములు చేజిక్కినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ముందు ఇదే సమస్య నిలిచింది. వాటిని సైనికులకు పంచాలని హజ్రత్ బిలాల్ (రజి) వంటి గొప్ప సహాబీలే పట్టుబట్టారు. ఉమర్ (రజి) సంప్రదింపులు జరిపారు. తర్వాత వచ్చేవారికి కూడా హక్కుందని హష్ర్ సూరా ఆయతుల ఆధారంగా వాదించారు. చివరికి భూములను సేద్యం చేసేవారి చేతిలోనే ఉంచి, వాటిపై ఖరాజ్ విధించి, ఆ రాబడి ఏటేటా ప్రజలకు చెందేలా చేశారు. మూలధనం చెక్కుచెదరకుండా, ఫలం నేటివారికీ రేపటివారికీ అందే మార్గమిది.

గనికి, పొలానికి తేడా ఉంది. పొలం ప్రతి ఏడూ పండుతుంది, గని ఒక్కసారే. తవ్వి అమ్మటం అంటే రాబడి కాదు, ఆస్తిని అమ్ముకోవటం. అమ్మిన ఆస్తికి బదులు చదువు, ఆరోగ్యం, నీటి వసతి, పొదుపు రూపంలో మరో ఆస్తి నిలబడాలి.

గుర్తుంచుకోవలసిన అంశాలు

1. ఖనిజ సంపద ప్రజలందరిదీ అని చట్టం స్పష్టంగా చెప్పాలి.
2. ఒప్పందాలు, రాబడి, ఖర్చు బహిరంగంగా ఉండాలి. 2002లో మొదలైన అంతర్జాతీయ పారదర్శకతా కార్యక్రమంలో నేడు 50కి పైగా దేశాలున్నాయి.
3. ధర ఎక్కువున్నప్పుడు దాచి, తక్కువున్నప్పుడు వాడాలి. తవ్వని సంపదపై అప్పు తేకూడదు.
4. గని వల్ల నేల, నీరు పాడైన వారి హక్కు మొదట తీరాలి.
5. గని మూతపడే రోజు కోసం మొదటి రోజు నుంచే సిద్ధం కావాలి.

మన వంతు

ఇది ఎక్కడో ఆఫ్రికా సంగతి అనుకోకండి. మన దేశంలో 2015లో సవరించిన గనుల చట్టం ప్రకారం గనులున్న జిల్లాల్లో ఖనిజ నిధి సంస్థలు ఏర్పడ్డాయి. తాగునీరు, వైద్యం, విద్య వాటి ముఖ్య ఖర్చులు. మన తెలుగు రాష్ట్రాల గని ప్రాంతాలలో ఆ డబ్బు ఎక్కడికి పోయిందో సమాచార హక్కు చట్టం ద్వారా ఎవరైనా అడగవచ్చు. అడగటం తగవు కాదు, అమానతును కాపాడటం.

ఇంకా దగ్గరగా చూస్తే, మన ఇళ్ళలో ఎంతోమంది గల్ఫ్‌లో చమురు సంపద మీద నడిచే కొలువుల్లో ఉన్నారు. ఆ జీతమూ ఒక గని లాంటిదే. వీసా ఉన్నన్నాళ్ళే తవ్వుకోగలం. దాన్ని పెళ్ళి ఆడంబరాలకు, అప్పు మీద కట్టే మేడలకు పోస్తే నౌరూ కథే మన ఇంట్లో జరుగుతుంది. పిల్లల చదువుకు, చేతివృత్తికి, చిన్న వ్యాపారానికి మళ్ళిస్తే అది తరిగిపోని ఆస్తి అవుతుంది.

సంపద గురించి ప్రళయదినాన రెండు ప్రశ్నలు తప్పవు. ఎలా సంపాదించావు? ఎందులో ఖర్చు చేశావు? దేశాన్ని ఏలేవారికీ, ఇంటిని నడిపేవారికీ ప్రశ్నలు అవే. ఆ లెక్కకు సిద్ధపడి మసలుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.