'చెల్లదు' అంటే ఏది చెల్లదు?

బస్తర్‌లో మా శాఖకు వచ్చే రైతుల్లో కోంటా వైపు నుంచి తెలుగు మాట్లాడుతూ వచ్చేవారూ ఉంటారు. చాలామంది చేతిలో అటవీ హక్కుల పట్టా ఉంటుంది. దాని మీద అప్పు అడిగితే కౌంటర్లో తేలిగ్గా వచ్చే జవాబు "ఇది చెల్లదు". ఈ పాఠం ఆ ఒక్క మాట గురించే.

మనం ఒకే మాటతో సరిపెట్టేదానికి స్పానిష్ చట్టభాషలో మూడు మాటలున్నాయి. పోర్చుగీసులోనూ రాత ఇదే, పలకడం వేరు. 'బాలిదో' అంటే చట్టప్రకారం సరిగా ఏర్పడినది. 'బిహెంతె' అంటే అమలులో ఉన్నది. 'ఎఫికాస్' అంటే ఫలితమిచ్చేది. వీలునామా సరిగా రాస్తే బాలిదో. ఫలితం మాత్రం రాసినవారు పోయాకే. అటవీ హక్కుల చట్టానికి 2006 డిసెంబరు 29న రాష్ట్రపతి ఆమోదం దొరికింది, అమలు 2007 డిసెంబరు 31న మొదలైంది. ఆ ఏడాదిపాటు చట్టం ఉంది గాని బిహెంతె కాదు.

చెల్లకపోవడంలోనూ రెండు రకాలు: 'నూలో', 'అనులాబ్లె'. మన కాంట్రాక్టు చట్టం హిందీ ప్రతిలో వీటికి దీటైనవి 'శూన్య', 'శూన్యకరణీయ'. బెదిరించి రాయించుకున్న ఒప్పందం రెండోది: బెదిరింపుకు గురైనవారు కాదనేవరకు నిలుస్తుంది. మైనరు ఒప్పందం మనకు మొదటిదే. మొహరీ బీబీ కేసులో 1903లో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. స్పెయిన్‌లో మాత్రం మైనరు ఒప్పందం అనులాబ్లె! మాటకు మాట దొరికినంత మాత్రాన చట్టం ఒకటైపోదు.

ఇక పట్టా సంగతి. ఆ చట్టం 4(4) సెక్షన్ ప్రకారం ఈ హక్కు వారసులకు సంక్రమిస్తుంది, కాని అమ్మడానికీ బదిలీకీ వీల్లేదు. అంటే పట్టా నిక్షేపంగా చెల్లుతుంది, దాన్ని తాకట్టు పెట్టడమే కుదరదు. "చెల్లదు" అని పంపేస్తే, తరాలుగా దున్నుకున్న భూమిపై హక్కే లేదని ఆ మనిషి ఇంటికెళ్లి చెప్పుకుంటాడు.

పైగా చిన్న పంట రుణానికి తాకట్టు అవసరమే లేదు. 2025 జనవరి 1 నుంచి రూ. 2 లక్షల దాకా పూచీకత్తు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. కౌలుదారుకే కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తున్నాం కదా, పట్టాదారుకు ఎందుకివ్వం? కాబట్టి చెప్పాల్సిన జవాబు ఇది: "మీ పట్టా చెల్లుతుందండీ. దాన్ని తాకట్టు పెట్టుకోలేం గాని, పంట మీద రుణానికి కాగితాలు ఇవ్వండి." పెళ్లయినవారికి ఈ పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటుంది. పేర్లు రాసుకునేటప్పుడు ఆమె పేరు కూడా చూడండి.