ఉప్పు నీళ్ళలో ఉపనిషత్తు: ఉద్దాలకుడు పాఠం చెప్పిన తీరు



"వేదాంతం మనకెక్కడ అర్థమవుతుంది, అది పెద్దవాళ్ళ విషయం" అని మన వయసువాళ్ళు చాలామంది పక్కన పెట్టేస్తారు. తేలిక చేసి చెబితే లోతు పోతుందని ఇంకొందరి భయం. ఈ రెండింటికీ ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో జవాబుంది.

శ్వేతకేతువు 12 ఏళ్ళ వయసులో గురువు దగ్గరికి వెళ్ళాడు. 24 ఏళ్ళకి వేదాలన్నీ చదివి, కాస్త గర్వంగా ఇంటికొచ్చాడు. చదువైతే ఉంది, తెలుసుకోవాల్సిన అసలు సంగతి మిగిలిపోయిందని తండ్రి ఉద్దాలకుడికి అర్థమైంది. ఆ సంగతేమో కంటికి కనపడని 'సత్తు', అంటే జగత్తంతటికీ మూలమైన ఉనికి. మరి ఎలా చెప్పాడు?

1. ముందు చేయించాడు, తర్వాత చెప్పాడు

ఉప్పుని నీళ్ళలో వేసి పొద్దున రమ్మన్నాడు. వచ్చాక "ఆ ఉప్పు తీసి ఇవ్వు" అన్నాడు. వెతికితే దొరకలేదు. పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి రుచి చూడమన్నాడు. అన్నిచోట్లా ఉప్పే! అప్పుడు చెప్పాడు: సత్తు కూడా ఇక్కడే ఉంది, నీకు కనపడట్లేదంతే, నువ్వూ అదే. ఇదే తత్త్వమసి మహావాక్యం.

కంటికి దొరకనిది నాలుకకి దొరికింది. "కనపడకపోతే లేనట్టే" అనే అభిప్రాయం అక్కడే సడలింది. నిర్వచనంతో మొదలుపెడితే, అంత చదివినవాడికి అది ఇంకో వాక్యంగానే మిగిలేది.

2. మళ్ళీ అడిగితే ఉదాహరణ మార్చాడు

ఆ మహావాక్యం 9 సార్లు వస్తుంది. కొడుకు ఇంకా చెప్పమన్నప్పుడల్లా కొత్త ఉదాహరణ. కనపడనిదాని నుంచి ఇంత ప్రపంచం ఎలా వచ్చిందంటే మర్రి విత్తనం చీల్చమన్నాడు: లోపల ఏమీ కనపడదు, చెట్టంతా అందులోంచే. అదే మూలమైతే ఎందుకు తెలియట్లేదంటే, ఉప్పు.

ఆఫీసులో కొత్తవాళ్ళకి సిస్టమ్ వివరించేటప్పుడు నాకిది బాగా పనికొస్తుంది. అర్థం కాలేదంటే అదే డయాగ్రామ్ మళ్ళీ చూపించడం కాదు, ఎక్కడ ఆగిపోయారో కనుక్కోవాలి.

3. ఉదాహరణ దగ్గరే ఆగిపోకూడదు

ఉప్పునీళ్ళు మరిగిస్తే ఉప్పు విడిగా వస్తుంది. సత్తుని అలా విడదీసి చూపించలేం. పోలిక ఒక మేరకే.

మన పెళ్ళిళ్ళలో అరుంధతీ దర్శనం గుర్తుందా? అరుంధతి సన్నని నక్షత్రం. అందుకే ముందు పక్కనున్న వశిష్ఠ నక్షత్రాన్ని చూపిస్తారు. వేదాంతులు దీన్ని స్థూలారుంధతీ న్యాయం అంటారు. పెద్ద నక్షత్రం చూపకపోతే ఎక్కడ వెతకాలో తెలీదు, అక్కడే ఆగిపోతే అరుంధతి కనపడదు. తేలిక చేయడమంటే విషయాన్ని చిన్నది చేయడం కాదు, చూపుకి దారి చూపించడం.

ఈ వారం సాధన: రాత్రి గ్లాసు నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి ఉంచండి. పొద్దున ఇంట్లో పిల్లలకి రుచి చూపించి, "ఉప్పు ఎక్కడుంది?" అని అడగండి. వాళ్ళు జవాబు చెప్పేదాకా మీరు చెప్పకండి.

హరిః ఓం.