కల్సూబాయి ఎక్కే ముందు

చి. మేనల్లుడికి,

శ్రావణంలో ఓ ఆదివారం నలుగురూ కలిసి పుణె నుంచి వెళ్లి కల్సూబాయి ఎక్కుతామన్నావట. మీ అమ్మ నిన్ను ఆపమంది. ఆపను గానీ, ఆ ఆదివారం మాత్రం మార్చుకో. వానాకాలం సెలవు రోజున సగం ముంబయి, సగం నాసిక్ ఆ కొండ మీదే ఉంటాయి. నిటారు బండల దగ్గర వేసిన ఇనుప నిచ్చెనల మీద ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకరికొకరు అడ్డం. నీ కాళ్లలో ఎంత సత్తువ ఉన్నా, అక్కడ లైను కదిలినంతే నీ నడక. వారం మధ్యలో సెలవు పెట్టు. సెప్టెంబరు చివరిదాకా ఆగితే మరీ మంచిది: వాన తగ్గుతుంది, పచ్చదనం పోదు, గుట్టల నిండా పసుపుపచ్చని సోన్‌కీ పూలుంటాయి. నవరాత్రులు మొదలయ్యాక వద్దు, పైన అమ్మవారి గుడికి జనం పోటెత్తుతారు.

ఎత్తు 1646 మీటర్లు, మహారాష్ట్రలో దాన్ని మించిన శిఖరం లేదు. ఆ అంకె చూసి బెదరకు. నడక మొదలయ్యే బారి ఊరే ఎత్తున ఉంది కాబట్టి నువ్వు ఎక్కేది 800 మీటర్లకు కాస్త పైన. నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన 1892లో ఓ లెక్క చెప్పాడు: సుమారు 5 కిలోమీటర్ల నడకకు గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అందులో ఆయాసం తీర్చుకోవడాలు లేవు, సెల్ఫీలు అసలే లేవు. మీరు ఎక్కడానికి నాలుగు గంటలు, దిగడానికి మూడు వేసుకోండి.

ఆరింటికల్లా నడక మొదలుపెట్టండి. పన్నెండైతే ఎక్కడున్నా వెనక్కి తిరగాలని కిందే ఒప్పందం చేసుకోండి. శిఖరం కళ్లెదుట కనబడుతుంటే తిరుగుదామనే మాట ఎవరి నోటా రాదు. మీలో నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు నడిపించండి. వెనకేస్తే వాడు మీ దగ్గరికి చేరేసరికి మీ విశ్రాంతి అయిపోతుంది, వాడికి అదీ దక్కదు.

దిగేటప్పుడే మోకాళ్లు వణుకుతాయి, బొటనవేళ్లు బూటు ముందుభాగానికి ఒత్తుకుంటాయి. రెండు రోజుల ముందే గోళ్లు తీసుకో. కొత్త బూట్లు వద్దు, అడుగు అరిగినవీ వద్దు. తడిసిన నాచు మీద అవి నిలవవు. నీళ్లు మనిషికి మూడు లీటర్లు. దారిలో గుడిసెల్లో నిమ్మరసం, పిఠ్లా-భాక్రీ దొరుకుతాయి గానీ మామూలు రోజుల్లో నమ్ముకోలేం. పులిహోర కట్టుకెళ్లండి, సాయంత్రం దాకా పాడవదు. టార్చి మాత్రం మరవకు.

కొండ కన్నా నాకు కారంటే భయం. పుణె నుంచి నాలుగైదు గంటల దారి. రాత్రంతా డ్రైవింగ్, పొద్దున్న ఎక్కుడు, సాయంత్రం మళ్లీ స్టీరింగ్ అంటే ఒప్పుకోను. ముందురోజే కొండకు దగ్గర్లోని భండార్‌దరా చేరి పడుకోండి, దిగాక ఇంకో రాత్రి అక్కడే ఉండండి. గది డబ్బులు నేను పంపిస్తాను. మీ అమ్మతో అనకు.

ఇట్లు,
మామయ్య